నోరు మూసిన కుండ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, “ఈసారి మీరొక పావుగంట మాట్లాడాలండీ. డి.ఏ. సంగతీ, హెల్త్ కార్డుల సంగతీ అధ్యక్షుల వారు చూసుకుంటారు. మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదా, అక్కడి విశేషాలు చెప్పండి” అన్నారు. నయాగరా జలపాతం గురించి చెబుతానని ఆయన అనుకొని ఉంటారు. నయాగరా గురించి ఇదే వేదిక మీద ఇప్పటికి నలుగురు మాట్లాడారు. అందుచేత నేను కుండల గురించి మాట్లాడతాను.

నేను కళాకారుణ్ణి కాను, కళా విమర్శకుణ్ణీ కాను. 1972లో నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. ఒక కాగితం చదివి, అందులో ఏముందో పైవారికి అర్థమయ్యేటట్టు నోటు పెట్టడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. దీన్ని కూడా అలాంటి నోటుగానే స్వీకరించమని మనవి.

2022 నవంబరులో మా ఇంటావిడ కాలం చేసింది. ఇక్కడున్న చాలామంది ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చి ధైర్యం చెప్పారు. ఆ తరవాత ఏడాదిన్నర నేను ఈ సంఘం గడప తొక్కలేదు. లైఫ్ సర్టిఫికెట్టు కోసం ట్రెజరీకి వెళ్ళానే తప్ప, వీధి మొగం చూసింది లేదు. ఎవరైనా పలకరిస్తే “ఆ, బాగానే ఉన్నాను” అని తలుపు వేసేసేవాణ్ణి. ఇది గమనించి మా అమ్మాయి 2024 మే నెలలో వచ్చి, నన్ను వెంటబెట్టుకొని న్యూజెర్సీ తీసుకుపోయింది. వాళ్ళుండేది ఎడిసన్ అనే ఊళ్ళో. మన తెలుగువాళ్ళు అక్కడ బోలెడు మంది.

మా మనవరాలికి పదహారేళ్ళు. వాళ్ళ బళ్ళో లెక్కలూ సైన్సుతో పాటు కుండలు చేయడం కూడా ఒక పాఠం. మన కుమ్మరి సారె లాంటిదే కరెంటుతో తిరిగేది ఉంటుందట, దాని మీద చేస్తుంది. ఒక ఆదివారం ఆ పిల్ల, “తాతయ్యా, న్యూయార్కులో కుండల ప్రదర్శన ఉంది, రావాలి” అంది. “కుండలు చూడ్డానికి టిక్కెట్టు కొనాలా అమ్మడూ? మా ఊళ్ళో కుమ్మరి వీధికి పోతే ఊరికే చూడొచ్చు” అన్నాను. అయినా తీసుకుపోయింది.

ఆ ప్రదర్శన జరిగింది న్యూయార్కు నగరంలో క్వీన్స్ అనే ప్రాంతంలోని నొగూచీ మ్యూజియంలో. ఇసాము నొగూచీ పేరున్న శిల్పి. 1904లో పుట్టాడు, 1988లో పోయాడు. తండ్రి జపాను కవి, తల్లి అమెరికా ఆవిడ. 1927లో పారిస్ వెళ్ళి, ఆధునిక శిల్పకళకు ఆద్యులలో ఒకడైన బ్రంకూసీ దగ్గర సహాయకుడిగా పని చేశాడు. తరవాత 1952లో జపానులో కమకురా ఊరి పక్కన రోసాంజిన్ అనే పెద్ద కుమ్మరి పంచన ఉండి మట్టితో శిల్పాలు చేశాడు. ఆ మ్యూజియం కూడా ఆయనే 1985లో పెట్టాడు. అయితే ఆ రోజు మేము చూసింది ఆయన పని కాదు. తొషీకో తకయెజు అనే ఆవిడ చేసిన కుండలు.

లోపలికి వెళ్ళి చూద్దును కదా, ఒక్క కుండకూ నోరు లేదు!

కొన్ని గుమ్మడికాయంత, కొన్ని మనిషెత్తు. గుండ్రంగా ఉన్నవి, కోలగా ఉన్నవి, చెట్టు మొదలులా నిలువుగా ఉన్నవి. అన్నీ పైన మూసేసి ఉన్నాయి. శిఖరాన చిన్న బొడిపె, దాంట్లో చీపురు పుల్ల దూరేంత బెజ్జం, అంతే. ఒళ్ళంతా రంగులు. ఒక్కో దాని చుట్టూ తిరుగుతుంటే తెల్లవారుజాము, సంజె, సముద్రం ఒకదాంట్లోంచి ఒకటి వస్తున్నట్టుంది. బాగానే ఉంది. కానీ నా గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా. “నీళ్ళు పోయడానికి లేదు, పప్పు వండడానికి లేదు. ఇది దేనికి పనికొస్తుందే?” అని అడిగాను.

మనవరాలు నవ్వి, “దేనికీ పనికి రాదు తాతయ్యా. చూడ్డానికే” అంది.

పనికి రాదు అన్న మాట నాకు చురుక్కున తగిలింది. పదవీ విరమణ చేసిన వాడికి ఆ మాట కొత్త కాదు. తరవాత ఆ పిల్ల సాయంతో లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకొని చదివాను. తెలిసింది క్లుప్తంగా మనవి చేస్తాను.

జపానులో కుండకున్న గౌరవం మనం ఊహించలేం. అక్కడ టీ తాగడం ఒక పూజ లాంటిది. ఆ టీ పోసే మట్టి గిన్నెలకు వందల ఏళ్ళ చరిత్ర. గిన్నె కొంచెం వంకరగా ఉన్నా, పూత ఒక పక్కకు కారినా, దాన్ని లోపంగా తీసుకోరు. ఆ వంకరలో నిప్పూ మట్టీ చేసిన పని కనిపిస్తుందని అపురూపంగా చూసుకుంటారు. అయితే ఎంత అపురూపమైనా గిన్నె గిన్నే. అందులో టీ పోయాలి, తాగాలి.

ఇటు పాశ్చాత్య దేశాల్లో ఇరవయ్యో శతాబ్దంలో ఆధునిక కళ అనేది బయలుదేరింది. బొమ్మ దేన్నీ పోలి ఉండనక్కరలేదు, దేనికీ ఉపయోగపడనక్కరలేదు, రంగూ ఆకారమూ వాటంతట అవే మనసుతో మాట్లాడగలవు అన్నది వాళ్ళ వాదం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఈ రెండు దారులూ మట్టి దగ్గర కలుసుకున్నాయి.

జపానులో ఆ పని చేసినవాడు యాగి కజువో. క్యోటో నగరంలో కుమ్మరి కొడుకు. 1948లో కొందరు మిత్రులతో కలిసి సోదేయిషా అనే బృందం పెట్టాడు. 1954లో ఈయన ఒక వస్తువు చేశాడు. పెద్ద మట్టి చక్రం నిలబెట్టినట్టు ఉంటుంది, దాని చుట్టూ చిన్న చిన్న గొట్టాలు కాళ్ళలా పొడుచుకొచ్చి ఉంటాయి. దానికి ‘సంసా గారి షికారు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. సంసా అంటే కాఫ్కా రాసిన కథలో, తెల్లారి లేచేసరికి పురుగైపోయిన ఉద్యోగి. విచిత్రం ఏమంటే, ఆ గొట్టాలన్నీ కుండలు చేసే సారె మీద తిప్పి చేసినవే. అంటే తాతల నాటి విద్యను వదల్లేదు. దానితోనే కుండ కాని వస్తువు చేశాడు.

అమెరికా వైపు నుంచి ఆ పని చేసినవారిలో ముఖ్యురాలు తొషీకో తకయెజు. 1922లో హవాయి దీవిలో పెపెకెయో అనే చెరకు తోటల ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు జపానులోని ఒకినావా నుంచి వలస వచ్చినవాళ్ళు. పదకొండు మంది సంతానంలో ఈవిడ ఆరోది. హోనలూలూలో కుండల కార్ఖానాలో పని చేస్తూ విద్య నేర్చుకుంది. 1951లో మిషిగన్‌లోని క్రాన్‌బ్రూక్ కళాశాలలో చేరి, ఫిన్లండ్ నుంచి వచ్చిన మాయా గ్రోటెల్ అనే ఆవిడ దగ్గర శిష్యరికం చేసింది. 1955లో తల్లినీ అక్కచెల్లెళ్ళలో ఒకరినీ వెంటబెట్టుకొని జపాను వెళ్ళి, సుమారు ఎనిమిది నెలలు ఉంది. జెన్ ఆశ్రమంలో గడిపింది, టీ విధానం నేర్చుకుంది. ఇందాక నొగూచీకి నీడ ఇచ్చాడని చెప్పిన ఆ రోసాంజిన్‌నీ, హమదా, కనెషిగె అనే పెద్ద కుమ్మరులనీ కలుసుకుంది.

తిరిగి వచ్చాక కొన్నాళ్ళకు, 1950ల చివరలో, కుండ మెడ సన్నం చేస్తూ చేస్తూ ఒక రోజున నోరు మూసేసింది. ఎందుకంటే ఆవిడకు కుండ ఒంటి మీద రంగులు వేయాలని ఉండేది. ఆ రోజుల్లో న్యూయార్కు చిత్రకారులు పెద్ద పెద్ద గుడ్డల మీద రంగులు కుమ్మరించి, చిలకరించి బొమ్మలు వేసేవారు. ఈవిడ కుండ చుట్టూ తిరుగుతూ గాజు పూతను పోసి, కుంచెతో కొట్టి అదే పని చేసింది. నోరున్న కుండ చూడగానే ఏమి పోద్దామా అనిపిస్తుంది. నోరు మూస్తే అప్పుడు కుండనే చూస్తాం.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం. మన కుమ్మరి ఆవంలో కుండ సాధారణంగా వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. అందుకే నీరు కొంచెం చెమరుస్తుంది, అందుకే చల్లగా ఉంటుంది. ఈవిడ చేసే స్టోన్‌వేర్ అనే రకం మట్టిని పన్నెండు పదమూడు వందల డిగ్రీల దాకా కాలుస్తారు. రాయిలా గట్టిపడుతుంది. అంత వేడికి లోపలి తడి ఆవిరై, గాలి వ్యాకోచించి, బయటికి దారి లేకపోతే కుండ పగిలిపోతుంది. మా మనవరాలు ఒకసారి బెజ్జం పెట్టడం మరిచిపోయి, తనదీ పక్కనున్న పిల్లలవీ కలిపి నాలుగు కుండలు ముక్కలు చేసిందట. ఆ చిన్న బెజ్జం అందం కోసం కాదు. అది లేకపోతే కుండ దక్కదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒకసారి ఆవిడ కుండ మూసేటప్పుడు చిన్న మట్టిపెళ్ళ లోపల పడిపోయింది. కాల్చి తీశాక ఊపితే గలగలమంది. అప్పటి నుంచి కావాలనే ఒక మట్టి ముద్దను కాగితంలో చుట్టి లోపల వేసి మూసేది. బట్టీలో కాగితం కాలిపోతుంది, మట్టి ముద్ద గట్టిపడి మిగులుతుంది. కుండలో అన్నిటికన్నా ముఖ్యమైనది కంటికి కనిపించని లోపలి చీకటి చోటు అని ఆవిడ చెబుతూ ఉండేదట.

ప్రదర్శనలో కుండలను ముట్టుకోనివ్వరు. కానీ లోపలి చప్పుడు జనం వినేందుకు ఏర్పాటు చేశారు. మా మనవరాలు నన్ను అక్కడ నిలబెట్టింది. ముందు ఏమీ వినపడలేదు. తరవాత గల్, గల్ మని లోతుగా ఒక చప్పుడు.

మీరు నవ్వకండి. నాకు గుర్తొచ్చింది మట్టి డిబ్బీ. చిన్నప్పుడు తీర్థంలో కొనుక్కునేవాళ్ళం కదా, పైన సన్నటి చీలిక, అందులో పైసలు వేసేది. మన ఇళ్ళలో ఉన్న నోరు లేని కుండ అదే. మా ఇంటావిడ పెళ్ళయిన నాటి నుంచీ ఒక డిబ్బీ బీరువాలో చీరల కింద పెట్టుకునేది. నెల మొదట్లో జీతం తెచ్చి చేతికిస్తే, అందులోంచి చిల్లర వేసేది. నిండితే పగలగొట్టి, ఇంటికి ఏదో ఒకటి కొని, మళ్ళీ కొత్తది తెచ్చేది. పిల్లల ఫీజులు కొన్ని అలాగే కట్టాం. ఆవిడ పోయాక బీరువా సర్దుతుంటే చివరి డిబ్బీ బయటపడింది. సగం కూడా నిండలేదు. మా అబ్బాయి, “పగలగొట్టి చూద్దాం నాన్నగారూ” అన్నాడు. ఎందుకో నాకు చేతులు రాలేదు. వాడి మీద విసుక్కుని, దాన్ని మళ్ళీ చీరల కింద పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఏడాదిన్నర ఎవరితోనూ చెప్పని ఆ మాట, న్యూయార్కులో ఆ చప్పుడు విన్నాక మనవరాలితో చెప్పేశాను. అక్కడే బల్ల మీద కూర్చొని, వాళ్ళ నానమ్మ కాదు, అమ్మమ్మ, డిబ్బీ సంగతంతా చెప్పాను. ఆ పిల్ల విని, “తాతయ్యా, దాన్ని ఎప్పుడైనా ఊపి విన్నావా?” అంది. లేదన్నాను. వినాలని తోచనే లేదు.

తరువాతి వారం ప్రిన్స్‌టన్ తీసుకుపోయింది. తకయెజు 1967 నుంచి 1992 దాకా ఆ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో అక్కడ చదువుకున్న పూర్వ విద్యార్థులు పదమూడు మంది చనిపోయారు. వాళ్ళ పేర్లతో నేల మీద పదమూడు కంచు నక్షత్రాలు పొదిగి, ఒక చిన్న తోట వేశారు. అందులో 2003లో ఈవిడ చేసిన కంచు గంటను నెలకొల్పారు. ఆ గంట పేరు ‘స్మరణ’ అనే అర్థం వచ్చే మాట. లోపల ఖాళీ లేకపోతే గంట మోగదు. ఆ తోటలో నిలబడ్డప్పుడు ఆవిడ లోపలి చోటు గురించి ఎందుకంత చెప్పిందో నాకు అర్థమైంది.

మిత్రులారా, మన సభకు సంబంధించిన ఒక్క విషయం గమనించండి. ఈవిడ ఉద్యోగ విరమణ చేసింది 1992లో, డెబ్భై ఏళ్ళకు. ‘నక్షత్ర మాల’ అని చెప్పుకోదగ్గ, మనిషెత్తున్న పద్నాలుగు మూసిన రూపాల వరుసను చేసింది ఆ తరవాతే, 2000 ప్రాంతంలో. అవి ఇప్పుడు విస్కాన్సిన్ రాష్ట్రంలో రసీన్ ఊరి మ్యూజియం వారి దగ్గర ఉన్నాయి. న్యూజెర్సీలో క్వేకర్‌టౌన్ అనే పల్లెలో ఉంటూ, కూరగాయలు పండించుకుంటూ, వంట చేసుకుంటూ, శిష్యులను ఇంట్లో పెట్టుకొని పని నేర్పింది. కుండ చేయడం, తోట చేయడం, వంట చేయడం ఆవిడకు వేరు వేరు పనులు కావు. తన పనిలో చాలా భాగం మ్యూజియంలకు ఉచితంగా ఇచ్చేసింది. 2011 మార్చిలో హోనలూలూలో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో కన్ను మూసింది.

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు గొడవ అనుకోనక్కరలేదు. సర్దార్ గురుచరణ్ సింగ్ అనే ఆయన 1919లో జపాను వెళ్ళి ఈ విద్య నేర్చుకొని వచ్చి, ఢిల్లీలో కుండల పని పెట్టాడు. పుదుచ్చేరిలో 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ అనే అమెరికా దంపతులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్థాపించారు. డెబొరా గారు జపానులో బిజెన్ అనే కుమ్మరుల ఊళ్ళో పని నేర్చుకున్నావిడ. మన దేశంలో ఇవాళ మట్టితో శిల్పాలు చేసే వారిలో చాలామంది అక్కడ తయారైనవారే. ఎటైనా తీర్థయాత్రకు ఆ వైపు వెళ్ళినప్పుడు పుదుచ్చేరిలో ఆ పని చూసి రండి. టిక్కెట్టు ఎందుకని మాత్రం నాలాగా అడగకండి.

ఇక ముగిస్తాను. ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు ఇచ్చింది. ఏటా ఇదే వేదిక మీద ఆ మాట చెప్పుకొని చప్పట్లు కొడతాం. కానీ ఇంటికి వెళ్ళాక మనలో ఎంతమందిమి, ఇక నేను దేనికీ పనికి రాను అనుకుంటూ మంచం ఎక్కుతున్నాం? నేను ఎక్కాను కాబట్టే అడుగుతున్నాను. ప్రభుత్వానికి మనం చెప్పే మాట మనకు మనం చెప్పుకోవడం లేదు.

వాడుకోవడం మానేసినంత మాత్రాన కుండ కుండ కాకుండా పోదు. దాని లోపలి చోటు అలాగే ఉంటుంది. అందులో ఏదో ఒకటి గలగలమంటూనే ఉంటుంది. ఎవరైనా చెవి పెట్టి వినాలి, అంతే. అయితే ఆ బెజ్జం సంగతి మరిచిపోకండి. పూర్తిగా మూసుకుంటే నిప్పుకు తట్టుకోలేం. నా మటుకు నాకు నెలనెలా జరిగే ఈ సంఘం సమావేశమే ఆ బెజ్జం. మన వీధిలో, మన పేటలో భార్యో భర్తో పోయి తలుపు వేసుకున్న సభ్యులు ఎవరున్నారో అందరికీ తెలుసు. కార్యదర్శి గారికి నా విన్నపం ఒక్కటే. అలాంటి వారి పేర్లతో ఒక జాబితా తయారు చేయించండి. వారానికి ఒక ఇంటికి ఇద్దరం చొప్పున వెళ్దాం. “బాగానే ఉన్నాను” అంటే వెంటనే లేచి రావద్దు. కాసేపు కూర్చుందాం. మొదటి జతలో నా పేరు రాసుకోండి.

అమెరికా నుంచి వచ్చిన రోజు రాత్రి బీరువా తెరిచి, డిబ్బీ తీసి, చెవి దగ్గర పెట్టుకొని ఊపాను. మోగింది. ఇప్పుడది చీరల కింద లేదు. ముందు గదిలో, టీవీ పక్కన పెట్టాను. మా ఇంటికి వచ్చినవారు అదేమిటని అడుగుతారు. అడిగితే చెబుతాను.